థ పొట్టలో చుక్క

పనిచేసిన చోటల్లా అందరూ ఆమెను గళ్ళక్క అనేవారు. పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా అతికింది. ముప్పై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన పని గళ్ళలో అక్షరాలు పేర్చడమే. పదహారు గళ్ళ ఎత్తు, పదహారు గళ్ళ వెడల్పు. ఒక్కో గడీ నింపాలా, వదిలేయాలా, అంతే. సగం నింపడం కుదరదు, వంపు తిప్పడం కుదరదు. మన అక్షరాలేమో పుట్టుకతోనే గుండ్రటివి. వాటిని చదరపు గళ్ళలో కూర్చోబెట్టడమంటే లావుపాటి పెద్దమనిషిని ఒకటో తరగతి బెంచీలో ఇరికించినట్టే. కూర్చోగలడు గానీ మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒకప్పుడు తెరలు చిన్నవి, మొరటువి కాబట్టి అలా గీయక తప్పేది కాదు. తర్వాత తెరలు బాగుపడ్డాయి, అక్షరాలు నునుపుదేలాయి, ఆమె పని మూలన పడింది. మళ్ళీ ఇన్నేళ్ళకు పాతకాలం వీడియో గేముల మీద జనానికి మోజు పుట్టింది. గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. యజమానురాలిది ఆమెకు కూతురుంటే ఉండే వయసు.

"మా గేమ్ అంతా పాత పద్ధతిలోనే ఉంటుందండీ. బొమ్మలు గళ్ళవే, పాటలు అప్పటివే. అక్షరాలు ఒక్కటే నున్నగా ఉన్నాయి. చిరుగుల చొక్కా మీద టై కట్టినట్టుంది. గుణింతాలు, వత్తులు, అంకెలు, అన్నీ మీరే గీసిపెట్టాలి. ఆరు నెలలు టైముంది."

గళ్ళక్క ఆ మాట విని నవ్వింది. ఇంటికి వెళ్ళకుండా నేరుగా తమ్ముడి ఇంటికి నడిచింది.

ఆమెకు సొంత కాపురమంటూ లేదు. తమ్ముడి ఇంటికి రెండు వీధుల అవతల ఒక గది, ఒక వంటిల్లు. తమ్ముడు ఆమెకన్నా నాలుగేళ్ళు చిన్న. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి బస్టాండుల్లో వేలాడదీసే దీపాల బోర్డులు చేసే వర్క్‌షాపులో పనిచేశారు. ఆమె అక్షరాలు గీసేది, అవి వెలిగి ఆరేలా అతను ప్రోగ్రాం రాసేవాడు. తర్వాత రెండు మూడు చిన్న గేములు చేశారు. ఆ తర్వాత అతను కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకున్నాడు. కళ్ళు అలసిపోతున్నాయని ఏడాది కిందట అదీ మానేశాడు.

ఆమె అక్షరాలకు పరీక్షాధికారి ఎప్పుడూ అతనే. తెరకు ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. ఆమె ఒక్కో మాటా తెర మీదకు తెచ్చేది. అతను పైకి చదివేవాడు. ఎక్కడ తడబడితే ఆ అక్షరంలో లోపం ఉన్నట్టు. మొహమాటం అన్నది లేదు.

"అక్కా, నీ ఝకు నడుం పట్టేసింది. ఆ ళ నిద్రపోతోంది చూడు, లేపు."

"నోరు మూసుకుని చదవరా."

"నోరు మూసుకుని ఎలా చదువుతారే?"

కొత్త పని మొదటి నెల అలాగే సాగింది. అచ్చులు, హల్లులు పూర్తయ్యాయి. ఆఫీసుకు ఒక విడత పంపింది కూడా. ఆమెకు పదేళ్ళ వయసు తగ్గినట్టయింది. మరదలు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఇద్దరి వంకా చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేది. మరదలిది మొదటినుంచీ తక్కువ మాట్లాడే స్వభావమే కాబట్టి గళ్ళక్క అది పట్టించుకోలేదు.

రెండో నెలలో తడబాట్లు మొదలయ్యాయి.

ముందు 'థ' దగ్గర వచ్చింది చిక్కు. తెర మీద 'కథ' అని ఉంటే అతను 'కధ' అన్నాడు.

"పొట్టలో చుక్క కనబడ్డంలేదక్కా."

థ పొట్టలో ఖాళీ ఐదు గళ్ళే. నడిమధ్యన ఒక్క గడి నింపితే అది చుక్క. ఆమె రెండు గళ్ళు నింపి చూసింది. చుక్క లావై పొట్టకు ఊపిరాడలేదు. పొట్టను వెడల్పు చేసింది. అప్పుడు పక్క అక్షరం ఇరుకైంది. దాన్ని జరిపింది. మర్నాడు అతను మళ్ళీ తడబడ్డాడు. థ అయ్యాక బ, భ. ఆ తర్వాత ఘ. ఆ తర్వాత ఏ వంకా పెట్టడానికి లేని మ. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, ఆమె చెరిపి గీస్తూనే ఉంది. గీసిన ప్రతిసారీ కంప్యూటర్లో పాతదాన్ని చెరిపి దాని మీదే దాచేసింది. తప్పు అని తేలినదాన్ని దాచుకుని ఏం చేసుకుంటుంది? మూడు వారాలు అలా గడిచాయి. తన చేతిలో పూర్వపు పనితనం పోయిందేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. తమ్ముడి మీద మాత్రం చీమంత అనుమానం రాలేదు. ఆ కళ్ళను నమ్మే ఆమె ముప్పై ఏళ్ళు బతికింది.

రెండో విడత తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ గేములు ఆడి చూసి తప్పులు పట్టే అమ్మాయి ఒకతె ఉంది. కాసేపు తెర చూసింది, కుర్చీలో అటూ ఇటూ కదిలింది.

"గళ్ళక్కా, ఏమీ అనుకోరుగా?"

"చెప్పమ్మా."

"పోయిన నెల ఇచ్చినవి గడగడా చదివేశానండి. వీటికేమైంది? ఈ థ చూడండి, కప్పను మింగిన పాములా ఉంది. మ ఏమిటి, ఇలా కాళ్ళు చాపుకుంది? బాగున్నవాటిని ఎందుకు మార్చారు?"

అమ్మాయి మొదటి విడతనూ రెండో విడతనూ పక్కపక్కన పెట్టి చూపించింది. గళ్ళక్క చూసింది. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. మొదటి అక్షరాలు కుదురుగా ఉన్నాయి. రెండోవి వాచిపోయి, వంకర్లు తిరిగి, ఏదో జబ్బు చేసినట్టున్నాయి. వాటిని గీసింది తన చెయ్యే.

ఆమెకు భయం వేసింది. అక్షరాల గురించి కాదు.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అడుగునుంచి వర్క్‌షాపు రోజుల నాటి గళ్ళ కాగితాలు తీసింది. బస్టాండు బోర్డు కోసం గీసినవి. 'బయలుదేరు వేళ'. రెండేళ్ళపాటు తమ్ముడు రోజూ వెలిగించి ఆర్పిన మాటలు. ఒక్క గడి కూడా మార్చకుండా వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, పొద్దున పదింటికి అతని ఎదురుగా పెట్టింది.

"చదవరా."

అతను కళ్ళు చికిలించాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు.

"ఇది... బ. బ తర్వాత..." ఆగాడు. "ఎండ పడుతోందక్కా తెర మీద."

ఆమె లేచి కిటికీ తెర లాగింది.

"ఇప్పుడు?"

"ఈ అక్షరాలు బాలేవు. ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. మళ్ళీ గీయి."

ఆమె తల తిప్పి చూసింది. వంటింటి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. వదిన చూపూ మరదలి చూపూ కలిశాయి. మరదలు కొంగుతో మొహం కప్పుకుని వెనక్కి తిరిగింది.

కళ్ళ డాక్టరు పరీక్ష చేసి కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీతో ముగ్గురూ మెదడు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఫొటోలు తీయించి, ఒక దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి, తల వెనకభాగం చూపించింది. కళ్ళు చూసిందాన్ని అర్థం చేసుకునే చోటు అదట. అది కుంచించుకుపోతోంది. ముందు అక్షరాలు పోతాయి, తర్వాత వస్తువులు పోతాయి, చెయ్యి చాపితే అందే కప్పు ఎక్కడుందో తెలియదు. మందు లేదు. ఆవిడ ఈ సంగతి నాన్చకుండా చెప్పింది. అలా చెప్పినందుకు గళ్ళక్కకు కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర తమ్ముడు ఆగాడు. మెట్టు ఎక్కడుందో కాలితో తడుముతూ అన్నాడు:

"కళ్ళు దివ్యంగా ఉన్నాయటక్కా. లోపల కూర్చుని చూసేవాడే రాజీనామా ఇచ్చాడట."

నవ్వాలని ఇద్దరు ఆడవాళ్ళూ ప్రయత్నించారు గానీ నవ్వు రాలేదు.

ఆ రోజు వంటింట్లో వదినా మరదళ్ళకు మాటా మాటా పెరిగింది. మరదలికి ఏడాదిగా తెలుసు. చొక్కా తిరగేసి తొడుక్కుంటుంటే సరిచేసింది. మందు సీసాలు తారుమారు చేస్తుంటే అవి తన దగ్గర పెట్టుకుంది. పేపరు పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!" అంది గళ్ళక్క.

"చెప్తే ఏం చేసేవారు వదినా? పరీక్షలు మానేసేవారా? మీరు రాని రోజుల్లో ఆయన మొహం చిన్నబుచ్చుకునే ఉంటారు, మళ్ళీ మీరొచ్చి కుర్చీ వేసే రోజున పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటారు. మీ పనికి ఆయన కావాలి. అది ఆయనకూ తెలుసు. అది కూడా లాగేయమంటారా?"

గళ్ళక్క గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అప్పటికే కడిగి ఉన్నాయవి.

ఆ తర్వాత ఆమె కంపెనీ పని పక్కన పెట్టేసింది. తమ్ముడి కోసం అక్షరాలు గీయడానికి కూర్చుంది. అందరూ చేసే తప్పే ఆమె కూడా చేసింది. కనబడకపోతే పెద్దవి చేయాలనుకుంది. తెర అంత ఎత్తున ఒక్కొక్క అక్షరం నిలబెట్టింది. అతను ఏనుగు ముందు నిలబడ్డవాడిలా దాని తోకా చెవీ తప్ప ఏమీ చూడలేకపోయాడు. రెండోసారి వెళ్ళినప్పుడు మెదడు డాక్టరు చెప్పింది, ఇలాంటివాళ్ళకు ఒక్కోసారి చిన్నవే బాగా తెలుస్తాయని. చూపు పట్టే జాగా చిన్నదైపోతుంది, అందులో పట్టేదే వాళ్ళకు కనబడుతుందట.

అప్పుడు ఆమె ఎనిమిది గళ్ళకు దిగింది. ఎనిమిదంటే ఎనిమిదే. అందులో మన అక్షరం ఒక్కటి పడుతుంది, కింద వత్తు పట్టదు. వత్తులు లేని మాటలు ఏరుకుంది. తలుపు. గది. దీపం. ఆపు. పడక. నీరు. గోరంత అక్షరాలు అచ్చు వేసి, అట్టముక్కల మీద అంటించి, ఇంట్లో ఎక్కడికక్కడ అతికించింది.

అతను కూజా మీది చీటీ దగ్గరికి మొహం పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"నీ... రు. నీరు."

మరదలి చేతిలోంచి గరిటె జారి కింద పడింది.

"నీరేమిటే అక్కా, మనింట్లో నీళ్ళంటాం కదా! గవర్నమెంటు ఆఫీసులో బోర్డులా ఉంది."

"వత్తు పట్టలేదురా. సర్దుకో."

ఆ పూట ముగ్గురూ నవ్వుకున్నారు. గళ్ళక్క తన గదికి నడుస్తూ, ఎనిమిది గళ్ళలోనే ఇంకా ఎన్ని మాటలు పడతాయో వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. 'అక్క' అన్న మాట ఎలా పెట్టినా పట్టలేదు. పోనీలే, గొంతు ఉంది కదా అనుకుంది.

నలభై రోజులు నిలిచిందది. తర్వాత దీపం పోయింది. పడక పోయింది. నీరు ఒక్కోరోజు వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు. ఆమె అక్షరాల మధ్య ఎడం పెంచింది, తెలుపు మీద నలుపు తీసేసి నలుపు మీద పసుపు వేసింది, ఒక్కో గడీ వరసగా వెలిగేలా కంప్యూటర్లో పెట్టింది. పొద్దున్నే వచ్చి తలుపు తట్టేది. అతను గడ్డం గీసుకోవడం మానేశాడు. ఒక రోజు ఆమె తెర వెలిగించగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకింక పరీక్షలు పెట్టకక్కా."

"పరీక్ష కాదురా. కొంచెం ఎడం పెంచాను, ఒక్కసారి..."

"నీకో మాట చెప్పాలి. కోప్పడకు." అతను తెర వైపు కాకుండా గోడవైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ థ ఉంది చూడూ, మొదట గీసిందే బాగుంది."

ఆమె తెర ఆర్పేసింది.

"నీ అక్షరాల్లో తప్పు లేదని నాకు మొదటి రోజే తెలుసు. అంత వెర్రివాణ్ణి కాదు. అయినా బాలేదన్నాను. బాలేదంటే మళ్ళీ గీస్తావు. గీస్తే రేపైనా కనబడుతుందేమో అనుకున్నా. మర్నాడు మళ్ళీ అదే. తప్పు నాలో ఉందని ఒప్పుకుంటే అంతటితో అయిపోతుంది కదా. నీలో ఉందంటే ఇంకో రోజు గడుస్తుంది. నీ పని పాడుచేశాను. మూడు వారాలు నీ చేత్తో నీ పనే పాడుచేయించాను."

గళ్ళక్క లేచి వెళ్ళి తమ్ముడి తల తన కడుపుకు ఆనించుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే పట్టుకునేది. పోనీలేరా అనడానికి నోరు రాలేదు, ఎందుకంటే పోయింది నిజంగానే పోయింది. కోప్పడదామన్నా ఎవరి మీద?

ఆఫీసులో గడువు దాటి రెండు నెలలైంది. యజమానురాలు చెడ్డది కాదు. ఒక నెల ఆగింది, ఇంకో నెల ఆగింది. గళ్ళక్క నిజంగానే పూర్తిచేద్దామని కూర్చుంది. మొదటి విడత అక్షరాలు తప్పులు పట్టే అమ్మాయి దగ్గర భద్రంగా ఉన్నాయి, వత్తులూ గుణింతాలూ గీస్తే చాలు. చెయ్యి సాగింది. గళ్ళు నిండాయి. నిండాక చూస్తే, అది బాగుందో లేదో ఆమెకు తేలలేదు. ఒక గడి తీసి చూసింది, పెట్టి చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ తాను గీసిందే గానీ చూసింది కాదని అప్పుడు అర్థమైంది. చూసిన కళ్ళు వేరేవి. ఆరడుగుల దూరంలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నవి.

యజమానురాలు ఫోన్ చేసి కూర్చోబెట్టి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. అచ్చు పుస్తకాల అక్షరాలను మెషీన్‌తో కుదించి గళ్ళలోకి మార్చేసే మనిషి ఒకాయన దొరికాడట. పది రోజుల్లో మొత్తం ఇచ్చేశాడట.

"మీ అంత అందంగా లేవండీ," అంది.

"చదవడానికి వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"అయితే సరే అమ్మా."

గేమ్ విడుదలైంది. బాగానే ఆడుతోందని విన్నది. తప్పులు పట్టే అమ్మాయి ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి ఫోన్‌లో చూపించింది. ఒక పిల్ల గుహలో దూకుతూ వెళుతుంటే కింద మాటలు పడుతున్నాయి. థ పొట్టలో చుక్క పక్కగోడకు అతుక్కుపోయి ఉంది. ధ అని కూడా చదవొచ్చు. ఎవరూ ఫిర్యాదు చేయలేదట. ముందూ వెనకా మాటల్నిబట్టి అందరికీ అర్థమైపోతోందట. గళ్ళక్క ఆ అమ్మాయికి టీ ఇచ్చి, వీధి మలుపు దాకా సాగనంపి వచ్చింది.

తమ్ముడి ఇంట్లో చీటీలు అలాగే ఉండిపోయాయి. వాటివల్ల ఉపయోగం పోయి కూడా చాలా రోజులైంది. పైగా అతనికి అవి గోడమీద పాకే పురుగుల్లా కనబడసాగాయి. తలుపు దగ్గరికి వచ్చి చేత్తో దులిపేవాడు, అవి పోకపోతే భయపడేవాడు. ఒక ఉదయం అతను నిద్ర లేవకముందే వదినా మరదళ్ళు వేణ్ణీళ్ళూ గుడ్డముక్కలూ పట్టుకుని కూర్చున్నారు. గళ్ళక్క అప్పట్లో జిగురు దట్టంగా పూసి బలంగానే అంటించింది. తలుపు మీదిది రంగుతో సహా ఊడి వచ్చింది. కూజా మీదిది ఎంత గీకినా ఒక మూల మిగిలింది.

"వదిలేయండి వదినా, కూజా మార్చేద్దాం," అంది మరదలు.

"ఆ రోజు నీ మీద అరిచాను," అంది గళ్ళక్క.

"నేనూ అరిచానుగా." మరదలు తడిచేతులు చీరకు తుడుచుకుంది. "నిన్న పొద్దున లేచి నన్ను చూసి 'ఎవరు నువ్వు' అన్నారు వదినా. గొంతు వినేదాకా తెలీలేదు. వినగానే తెలుసుకుని, సిగ్గుపడి, దొంగవేమో అనుకున్నానే అని జోకు వేశారు. నేను నవ్వాను."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. మరదలు లేచి, గుమ్మం దాటకముందే "నేనే వస్తున్నానండీ" అని గట్టిగా చెప్పి వెళ్ళింది. అలా చెప్పి వెళ్ళడం ఇద్దరికీ అలవాటైపోయింది.

గళ్ళక్క ఇప్పుడు కూడా రోజూ పదింటికి వస్తుంది. అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, అన్నం ముద్ద చేతికి అందిస్తుంది. పళ్ళెం ఎక్కడుందో అతనికి దొరకదు. చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేక ఆమె ఒక్కోసారి పెన్సిలు పట్టుకుని కూర్చుంటుంది. మొన్న ఆ పెన్సిలు బల్లకు తగిలి టక్కుమంది. అతను చెవి ఒగ్గి, మొహం కాస్త వెలిగించుకుని అడిగాడు:

"ఏం గీస్తున్నావే అక్కా?"

"ఏమీ లేదురా," అంది. నిజంగానే కాగితం మీద ఏమీ లేదు.

"సరేలే, గీసుకో," అన్నాడతను, ఆమె అబద్ధం చెబుతోందనుకుని.